డెబ్బై మందే, కానీ పేర్లతో సహా

పోస్టు పొడుగ్గా ఉంది. ఒక్కసారే చదవలేకపోతే రెండు విడతలుగా చదవండి, మధ్యలో మాత్రం వదిలేయొద్దు.

మార్చిలో మహిళా దినోత్సవం వచ్చిందంటే మన గ్రూపుల్లో ఒక నల్లజాతి ముసలమ్మ ఫోటో తిరుగుతుంది. తలకి గుడ్డ కట్టుకుని, సూటిగా చూస్తూ ఉంటుంది. కింద రాత ఇలా ఉంటుంది: 19 సార్లు వెనక్కి వెళ్ళి 300 మంది బానిసలను విడిపించింది, ఆమెను పట్టిస్తే 40,000 డాలర్ల బహుమతి. పేరు హారియట్ టబ్మన్. ఒక దండం బొమ్మ, ఒక పిడికిలి బొమ్మ పెట్టేసి అందరం కిందికి జరిగిపోతాం.

ఈసారి ఆదివాసీ దినోత్సవానికి హాస్టల్ వరండాలో చార్టులు పెడదాం అనుకున్నప్పుడు బిర్సా ముండా, కొమరం భీం పక్కన ఈమె కథ కూడా బొమ్మల్లో చెబుదామని మాలో మాట వచ్చింది. బొమ్మలతో ఒక చిక్కుంది. రాతలో అయితే "వందలాది మందిని విడిపించింది" అని రాసి దాటిపోవచ్చు. బొమ్మ వేయాలంటే ఎంతమంది నడిచారు, ఎండాకాలమా చలికాలమా, చంకలో పిల్లలున్నారా, దారి ఎవరు చూపించారు, ఇవన్నీ తెలియాలి. అందుకని చదవడం మొదలుపెట్టాం. లైబ్రరీలో కొంత, ఫోన్లలో కొంత. ఇంగ్లీషు ఒకరికి తెలియని చోట ఇంకొకరం అందుకుంటూ నెల రోజులు చదివాం.

చదివితే తేలింది ఏమిటంటే, లెక్క 300 కాదు. ఆమె వెనక్కి వెళ్ళింది సుమారు 13 సార్లు. తీసుకొచ్చింది 70 మంది దాకా. ఇంకో 50, 60 మందికి దారి గుర్తులు చెప్పి పంపింది, వాళ్ళంతట వాళ్ళే నడిచి వచ్చారు. 300 అనే అంకె సారా బ్రాడ్‌ఫోర్డ్ అనే రచయిత్రి 1869లో వేసిన పుస్తకంలోంచి వచ్చింది. టబ్మన్ స్వయంగా 1858, 1859 సభల్లో చెప్పుకున్నది ఎనిమిదో తొమ్మిదో ప్రయాణాలు, 50, 60 మంది అనే. కేట్ క్లిఫర్డ్ లార్సన్ అనే చరిత్రకారిణి కోర్టు కాగితాలు, వీలునామాలు, ఉత్తరాలు అన్నీ వెతికి 2004లో పుస్తకం వేసింది. అందులో ఈ డెబ్బై మందిలో చాలామందిని పేరు పేరునా పట్టుకుంది. 40,000 బహుమతి కూడా అంతే. 1867లో బానిసత్వ వ్యతిరేక కార్యకర్త ఒకామె టబ్మన్‌కు సాయం చేయమని పత్రికకు రాసిన ఉత్తరంలో ఆ అంకె పుట్టింది. అధ్యక్షుడు లింకన్‌ని చంపినవాడి మీద ప్రభుత్వం పెట్టిన బహుమతే 50,000 డాలర్లు. అలాంటిది ఎవరికీ పేరు కూడా తెలియని ఒక పారిపోయిన బానిస మీద 40,000 ఎవరు పెడతారు?

మాలో ఒకడు "ఏంట్రా, ఇంత తగ్గిపోయింది" అని నీరసపడ్డాడు. మాకైతే చదివేకొద్దీ డెబ్బయ్యే పెద్దగా కనిపించింది. ఎందుకో కింద చెబుతాం.

మొదట ఆమె పుట్టుక. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, డార్చెస్టర్ కౌంటీ. సముద్రపు పాయలు, చిత్తడి నేలలు, దట్టమైన అడవి. అమ్మానాన్న పెట్టిన పేరు అరమింటా రాస్, ముద్దుగా మింటీ. తల్లి రిట్, తండ్రి బెన్ రాస్. తల్లి బానిస అయితే పిల్లలందరూ బానిసలే, తండ్రి ఎవరైనా సరే, అదీ అక్కడి చట్టం. పుట్టిన తేదీ ఎవరూ రాయలేదు. 1822 మార్చిలో ఒక యజమాని లెక్కల పుస్తకంలో రిట్ కాన్పుకు మంత్రసానికి 2 డాలర్లు ఇచ్చినట్టు ఒక పద్దు ఉంది. దాన్నిబట్టే ఇప్పుడు ఆమె వయసు లెక్కేస్తున్నారు. ఇది చదివినప్పుడు మా రూములో నవ్వులు. మాలో సగం మందికి పుట్టినరోజు జూన్‌లోనే, బడిలో చేర్చిన సారు ఆ పూట ఏది తోస్తే అది రాసినదే కదా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "బానిస" అంటే మన పెద్దవాళ్ళకు ముందు గుర్తొచ్చేది వెట్టి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తీసి చూడండి, దేశంలో ఉన్న కట్టుబానిస పద్ధతుల పేర్లు వరసగా రాశారు. వెట్టి, పాలేరు, భగేలా, జీతా అని మనకు తెలిసిన మాటలే అందులో ఉన్నాయి. ఆ బాధ మన తాతలకు తెలుసు. అయినా రెండూ ఒకటే అని చార్టు మీద రాయడానికి మేము ఒప్పుకోలేదు. వెట్టిలో మనిషిని కట్టేసేది అప్పు, దొర పెత్తనం. అక్కడ అప్పు లేదు, మనిషే సొత్తు. వీలునామాలో గొడ్డూ గోదా పక్కన మనిషి పేరు రాసేవాళ్ళు. అప్పు తీర్చాలన్నా, పెళ్ళి కానుక ఇవ్వాలన్నా మనిషిని అమ్మేవాళ్ళు. ఏడాదికింతని పొరుగు వాళ్ళకు అద్దెకి కూడా ఇచ్చేవాళ్ళు.

మింటీని ఆరేడేళ్ళ వయసులోనే అలా అద్దెకి ఇచ్చారు. ఒక ఇంట్లో తట్టు పోసి ఒళ్ళు కాలిపోతున్నా నడుం లోతు నీళ్ళలో దింపి మస్క్‌రాట్ అనే నీటి జంతువుల ఉచ్చులు చూసి రమ్మన్నారు. ఇంకో ఇంట్లో రాత్రంతా పసిబిడ్డ ఊయల ఊపాలి, బిడ్డ ఏడిస్తే ఈమె మెడ మీద కొరడా. ఆ మచ్చలు ముసలితనం దాకా ఉన్నాయి. ఇంకాస్త పెద్దయ్యాక బక్‌టౌన్ అనే ఊళ్ళో ఒక దుకాణంలో, పని వదిలి వచ్చిన ఒక బానిస కుర్రాడి మీదికి మేస్త్రీ దాదాపు కిలో బరువుండే తూకపు గుండు విసిరాడు. అది గురితప్పి ఈమె తలకి తగిలి పుర్రె చిట్లింది. అప్పటినుంచి చనిపోయేదాకా మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక్కసారిగా నిద్రలోకి జారిపోయేది. తర్వాత జనాన్ని అడవిలో నడిపించేటప్పుడు కూడా అలాగే జరిగేది. ఆమె లేచేదాకా అందరూ చప్పుడు చేయకుండా పక్కనే కూర్చునేవాళ్ళు. సినిమాల్లో హీరో ఎప్పుడూ నిద్రపోడు. మా చార్టులో మాత్రం ఈమె చెట్టు కింద నిద్రపోతూ ఉండగా తొమ్మిది మంది చుట్టూ కాపలా కూర్చున్న బొమ్మ ఉండాలని పట్టుబట్టాం.

ఈమెకంటే ముందు ఇంట్లో ఎదురు తిరిగింది తల్లి రిట్. అప్పటికే ముగ్గురు అక్కచెల్లెళ్ళను దక్షిణాదికి అమ్మేశారు, వాళ్ళు మళ్ళీ కనిపించలేదు. చిన్న కొడుకు మోజెస్‌ని కొనడానికి జార్జియా వ్యాపారి వచ్చినప్పుడు రిట్ వాణ్ణి నెల రోజులు అడవిలో, ఇరుగుపొరుగు సాయంతో దాచింది. యజమాని ఇంటికి వస్తే, ముందు లోపలికి అడుగుపెట్టినవాడి తల పగలగొడతానని గుమ్మంలో నిలబడింది. అమ్మకం ఆగిపోయింది. చదువురాని బానిస తల్లి అడ్డం నిలబడితే ఒక అమ్మకం ఆగుతుందని పిల్లలు కళ్ళారా చూశారు.

తండ్రి బెన్ కలప మేస్త్రీ. 1840లో అతనికి విముక్తి వచ్చింది, భార్యాపిల్లలకు రాలేదు. కూతురు కొన్నేళ్ళు అతనితో పాటు అడవిలో పని చేసింది. ఎద్దులతో దుంగలు లాగింది, గొడ్డలి పట్టింది. ఏ వాగు ఎక్కడ లోతు, చీకట్లో ఉత్తర నక్షత్రం ఎటు, ఏ మొక్క తినొచ్చు, కుక్కలకి వాసన తెలియకుండా నీళ్ళలోంచి ఎలా నడవాలి, అన్నీ అక్కడ నేర్చుకున్నవే. కలపను పడవల్లోకి ఎక్కించే రేవుల్లో నల్లజాతి పడవవాళ్ళు ఉండేవాళ్ళు. ఉత్తరాదిలో ఏం జరుగుతోందో, ఏ ఊళ్ళో ఎవరు నమ్మకస్తులో వాళ్ళ నోటి మీదుగా తెలిసేది. బయటి పుస్తకాలు చాలావాటిలో దేవుడు ఆమెకు దారి చూపాడని రాస్తారు. ఆమె కూడా గట్టి భక్తురాలు, అలాగే చెప్పుకునేది. కానీ అడవిలో పుట్టిన మనకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. మా అవ్వలు అడవిలో తిరిగే తీరు చూసినవాళ్ళకు ఆ చదువు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

1849 మార్చిలో యజమాని ఎడ్వర్డ్ బ్రోడెస్ అప్పులతో చనిపోయాడు. అప్పులు తీర్చడానికి మనుషుల్ని అమ్ముతారని అందరికీ తెలుసు. సెప్టెంబరు 17న ఆమె, తమ్ముళ్ళు బెన్, హెన్రీ పారిపోయారు. తమ్ముళ్ళు భయపడి వెనక్కి తిరిగారు, ఆమెనూ లాక్కొచ్చారు. యజమాని భార్య అక్టోబరు 3 తేదీతో పత్రికలో ప్రకటన ఇచ్చింది. రాష్ట్రం బయట పట్టుకుంటే తలకి 100 డాలర్లు, రాష్ట్రంలోనే దొరికితే 50. నిజంగా ఆమె మీద అచ్చులో కనిపించే వెల అదీ. కొద్ది రోజులకే ఆమె మళ్ళీ బయల్దేరింది, ఈసారి ఒంటరిగా. మొగుడు జాన్ టబ్మన్ స్వేచ్ఛ ఉన్న మనిషి, అతను రాలేదు. సుమారు 150 కిలోమీటర్లు నడిచి ఫిలడెల్ఫియా చేరింది.

అక్కడితో ఆపితే అది ఒక్క మనిషి తప్పించుకున్న కథ. అలా తప్పించుకున్నవాళ్ళు వేలమంది ఉన్నారు. ఇళ్ళలో వంట చేసి, గిన్నెలు తోమి డబ్బు కూడబెట్టి ఆమె వెనక్కి వెళ్ళింది. అదీ ఎప్పుడు? 1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చాక. ఆ చట్టం ఏమిటో చూడండి. పారిపోయినవాళ్ళకు అన్నం పెట్టినా 1,000 డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. పట్టుబడినవాళ్ళకు తమ తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే కమిషనర్ "ఇతను బానిసే" అని తిప్పి పంపితే 10 డాలర్ల ఫీజు, "కాదు" అని వదిలేస్తే 5 డాలర్లు. లంచం అని పిలవకుండా చట్టంలోనే రాసుకున్నారు. దాంతో ఉత్తరాది నగరాలు కూడా భద్రం కాకుండా పోయాయి. అందుకే ఆమె తన మనుషుల్ని కెనడా దాకా, సెయింట్ కాథరిన్స్ అనే ఊరి దాకా తీసుకెళ్ళింది.

మొదటి విడత 1850 డిసెంబరు. దక్షిణాదికి అమ్మేసిన అక్క లీనా కూతురు కెస్సయాని, ఆమె ఇద్దరు పిల్లల్ని కేంబ్రిడ్జ్ ఊరి కోర్టు మెట్ల మీద వేలం వేస్తున్నారు. కెస్సయా భర్త జాన్ బౌలీ స్వేచ్ఛ ఉన్న నల్లవాడు, పడవ పనివాడు. గుంపులో నిలబడి అతనే పాట పెంచుకుంటూ పోయి వేలం దక్కించుకున్నాడు. తీరా డబ్బు కట్టే వేళకి పిలిస్తే కొన్నవాడు ఎవడూ ముందుకు రాలేదు. మళ్ళీ వేలం మొదలుపెడదాం అనేసరికి తల్లీ పిల్లలూ లేరు. దగ్గర్లో ఒక ఇంట్లో దాక్కున్నారు. రాత్రికి పడవెక్కి బాల్టిమోర్ చేరితే అక్కడ పిన్ని హారియట్ కాచుకుని ఉంది. ఆ ఇద్దరు పిల్లల్లో జేమ్స్ బౌలీ అనే పిల్లవాడు పెద్దయ్యాక సౌత్ కరోలినాలో టీచరయ్యాడు, శాసనసభకు ఎన్నికయ్యాడు. 300 అనే అంకెలో ఈ పిల్లవాడు కనిపిస్తాడా?

ఆమె పద్ధతులు కూడా రాసుకున్నాం. ఎక్కువగా చలికాలంలో, రాత్రి పొడుగ్గా ఉన్నప్పుడు వెళ్ళేది. శనివారం రాత్రి బయల్దేరేది, ఎందుకంటే ఆదివారం పత్రికల్లో ప్రకటన వేయించడం కుదరదు, సోమవారానికి ఒకటిన్నర రోజు ముందుంటారు. యజమానుల తోటల దాకా తను పోదు, మాట పంపి ఒక చోటికి రప్పించుకునేది. వెంటబడుతున్నారని అనిపిస్తే దక్షిణం వైపు వెళ్ళే రైలెక్కేది, పారిపోయేవాళ్ళు దక్షిణానికి పోతారని ఎవడనుకుంటాడు? పసిపిల్లలు ఏడవకుండా నల్లమందు కలిపిన మందు చుక్కలు పట్టేది. "భూగర్భ రైలు" అని పేరు గానీ అది రైలూ కాదు, భూమి కింద ఉండేదీ కాదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నమ్మకం మీద నడిచే దారి. విల్మింగ్టన్‌లో థామస్ గారెట్ అనే తెల్ల ఇనుప సామాన్ల వ్యాపారి చెప్పులు, బండి, డబ్బు ఇచ్చేవాడు. ఆయన గురించి ఇంగ్లీషులో చాలా ఉంది. దారి పొడుగునా దాచిన పేద నల్లజాతి కుటుంబాల గురించి వెతుక్కోవాలి. సామ్యూల్ గ్రీన్ అనే నల్లజాతి పాస్టరుకి 1857లో పదేళ్ళ జైలు వేశారు. సాయం చేశాడన్న అనుమానంతో ఇల్లు సోదా చేస్తే దొరికింది "అంకుల్ టామ్స్ కాబిన్" అనే నవల. ఆ పుస్తకం ఇంట్లో ఉన్నందుకు పదేళ్ళు.

ఇక మేము అన్నిటికంటే ఎక్కువ వాదించుకున్న బొమ్మ. సగం మందికి ఆమె చేతిలో తుపాకీ ఉన్న బొమ్మ కావాలి. తుపాకీ నిజమే. వెనక్కి పోతానన్నవాడికి గురిపెట్టేదని ఆమే చెప్పింది, ఒక్కడు వెనక్కి పోతే అందరూ దొరికిపోతారు మరి. మాలో బొమ్మలు బాగా వేసే సవర తమ్ముడు మాత్రం తుపాకీ వద్దన్నాడు. 1854 క్రిస్మస్ వేస్తానన్నాడు.

ఆ సంగతి ఇది. అన్న రాబర్ట్‌ని, తమ్ముళ్ళు బెన్, హెన్రీలను క్రిస్మస్ మరుసటి రోజు అమ్మేస్తారని ఆమెకు కబురు వచ్చింది. ఆమెకు రాయడం రాదు. ఎవరిచేతో రాయించి జేకబ్ జాక్సన్ అనే చదువొచ్చిన స్వేచ్ఛా నల్లజాతి మనిషికి, అతని పెంపుడు కొడుకు పేరు మీద ఉత్తరం పంపింది. దేవుడి ఓడ వస్తోంది, నా అన్నదమ్ములను ఎక్కడానికి సిద్ధంగా ఉండమనండి అని దాని సారాంశం. పోస్టాఫీసు వాళ్ళు ముందే విప్పి చదివారు, అనుమానం వచ్చింది, ఆ పెంపుడు కొడుక్కి అన్నదమ్ములే లేరు కదా. జాక్సన్‌ని పిలిచి అడిగారు. అతను ఒక్క చూపులో అంతా అర్థం చేసుకుని, "ఇది నాకు కాదండీ, తలా తోకా లేదు" అని తిరిగిచ్చేసి నేరుగా ఆమె అన్నదమ్ముల దగ్గరికి పోయాడు.

అనుకున్న రాత్రికి రాబర్ట్ ఆలస్యమయ్యాడు. అతని భార్య మేరీకి ఆరోజే నొప్పులు మొదలయ్యాయి. ఆడపిల్ల పుట్టింది. భార్యని, పసికందుని వదిలి అతను నడిచాడు. ఆగితే రెండు రోజుల్లో ఎలాగూ అమ్మేస్తారు. ఈ చోట మేము చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. అతను చేసింది తప్పా ఒప్పా అని ఆ తర్వాత మాత్రం తెల్లారేదాకా వాదించుకున్నాం. ఇంతకీ తేలలేదు.

బెన్ పెళ్ళాడబోయే జేన్ మగవాడి బట్టలు వేసుకుని వచ్చింది. అందరూ అమ్మానాన్నల ఇంటి దగ్గర మొక్కజొన్న చొప్ప దాచే కొట్టంలో దాక్కున్నారు. వాన. తల్లి రిట్ పంది కోసి పండక్కి వంట చేసి కొడుకుల కోసం చూస్తోంది. ఆమెకు చెబితే సంతోషం పట్టలేక కేక పెడుతుందని, ఆ కేక చుట్టుపక్కల వినిపిస్తుందని చెప్పలేదు. చెక్కల సందులోంచి పిల్లలు తల్లిని చూశారు. మాటిమాటికీ బయటికొచ్చి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దారి వైపు చూసి లోపలికి పోతోంది. అప్పటికి హారియట్ తల్లిని చూసి అయిదారేళ్ళు. కొన్ని అడుగుల దూరంలో ఉండి కూడా పలకరించలేకపోయింది.

తండ్రికి మాత్రం తెలుసు. అన్నం మూట తెచ్చి కొట్టంలో పెట్టాడు, పిల్లల ముఖాలు చూడకుండా. వాళ్ళు బయల్దేరేటప్పుడు కళ్ళకు గుడ్డ కట్టుకుని, ఇద్దరు పిల్లలు చెరో రెక్క పట్టుకోగా కొంతదూరం వాళ్ళతో నడిచాడు. తర్వాత దారిలో నిలబడి అడుగుల చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఆగి, అప్పుడు గంతలు విప్పి ఇంటికి వచ్చాడు. మర్నాడు వెతకడానికొచ్చినవాళ్ళు అడిగితే, ఈమధ్య నా పిల్లల్లో ఎవరినీ నేను చూడలేదని చెప్పాడు. అబద్ధమాడని మనిషని బెన్ రాస్‌కి ఊళ్ళో పేరు. ఆ పేరూ నిలిచింది, పిల్లలూ దాటిపోయారు.

గంతలు కట్టుకున్న ఆ తండ్రి బొమ్మే చివరికి గెలిచింది. తుపాకీ బొమ్మ పక్కకి, చిన్నగా పోయింది.

బొమ్మల్లో ఈ చరిత్ర చెప్పిన మొదటివాళ్ళం మేమేమీ కాదు. జేకబ్ లారెన్స్ అనే నల్లజాతి చిత్రకారుడు 1939, 40లలో హారియట్ జీవితాన్ని 31 చిన్న పలకల మీద వేశాడు, ఒక్కో బొమ్మ కింద వ్యాఖ్యతో. అప్పటికి అతనికి 22 ఏళ్ళు, మాకంటే రెండేళ్ళు పెద్ద. న్యూయార్క్ హార్లెమ్ పేటలో లైబ్రరీలో కూర్చుని చదివి వేశాడు. అవి ఇప్పుడు హాంప్టన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉన్నాయి. ఆ యూనివర్సిటీ 1868లో విడుదలైన బానిసల కోసం బడిగా మొదలైంది. ఆయన బొమ్మల కింద కూడా 40,000 డాలర్ల మాట ఉంది, అప్పట్లో దొరికిన పుస్తకాలు అవే మరి. అంకె తప్పయినా బొమ్మ తప్పు కాలేదు. ముఖాలు వివరంగా ఉండవు. నల్లటి రాత్రి, మంచు, వంగిన వీపులు. ఫోన్లో చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. వెతికి చూడండి.

ఆ 1854 డిసెంబరు 29న వాళ్ళు ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్ ఆఫీసు చేరారు. స్టిల్ పుస్తకం తెరిచి ఒక్కొక్కరి పేరు, వయసు, యజమాని పేరు, ఎందుకు పారిపోయి వచ్చారు, కొత్తగా పెట్టుకున్న పేరేంటి అని రాసుకున్నాడు. అన్నదమ్ములు ఆరోజు నుంచి స్టూవర్ట్‌లు అయ్యారు. మేము డెబ్బై పెద్దది అన్నది ఈ పుస్తకం వల్లే.

స్టిల్ ఎందుకు రాశాడో తెలుసుకోవాలి. అతని తల్లి కూడా మేరీలాండ్ నుంచి పారిపోయిన బానిసే. నలుగురు పిల్లల్నీ తీసుకుని రాలేక, ఇద్దరు ఆడపిల్లలతో వచ్చేసింది. మగపిల్లలు లెవిన్, పీటర్ అక్కడే మిగిలిపోయి దక్షిణాదికి అమ్ముడుపోయారు. లెవిన్ అక్కడే చనిపోయాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1850లో, అలబామాలో తన వెల తానే కట్టుకుని విడుదలైన ఒక మనిషి తల్లిని వెతుక్కుంటూ స్టిల్ ఆఫీసుకి వచ్చాడు. చిన్నప్పటి గుర్తులు, అమ్మానాన్నల పేర్లు చెబుతుంటే రాసుకుంటున్న స్టిల్‌కి అర్థమైంది, ఎదురుగా కూర్చున్నది తను ఎప్పుడూ చూడని సొంత అన్న. అప్పటినుంచి, ఇలా విడిపోయినవాళ్ళు ఏనాటికైనా కలుసుకోవాలంటే రాసి ఉండాల్సిందే అని మరింత శ్రద్ధగా రాశాడు. ఆ కాగితాలు దొరికితే వందల మంది తిరిగి సంకెళ్ళలోకి పోతారు. అందుకని ఒక శ్మశానవాటిక భవనంలో దాచాడు. బానిసత్వం పోయాక 1872లో పుస్తకంగా వేశాడు.

బ్రాడ్‌ఫోర్డ్ మంచి మనసుతోనే రాసింది, ఆ పుస్తకం అమ్మిన డబ్బు హారియట్ ఇల్లు నిలబెట్టింది కూడా. కానీ ఆమె బయటి మనిషి, వీరగాథ కావాలి, 300 కావాలి. స్టిల్‌కి తన అన్న పేరు కావాలి. మన తాతలు, అవ్వలు చెప్పేవి రాసుకోవాలని ఈ గ్రూపులో ఎన్నోసార్లు అనుకున్నాం. బయటినుంచి వచ్చి రికార్డు చేసుకుపోయినవాళ్ళ పుస్తకాల్లో మన ఊళ్ళ గురించి "గిరిజనులు" అని ఒక్క మాటే ఉంటుంది, పేర్లు ఉండవు. రాసేటప్పుడు స్టిల్ రాసినట్టు రాద్దాం. ఊరు, ఇంటిపేరు, గోత్రం, ఎవరి కొడుకు, ఏ ఏడు కరువులో ఎటు వలస పోయారు.

1857లో హారియట్ అమ్మానాన్నలను కూడా తెచ్చుకుంది. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు, నడవలేరు. పాత చక్రాలు, ఒక పలక, గుర్రంతో బండి తయారుచేసింది. తల్లి ఈకల పరుపు లేనిదే రానంది, తండ్రి గొడ్డలి వదలనన్నాడు. రెండూ బండెక్కాయట.

చెల్లెలు రేచెల్‌ని మాత్రం తేలేకపోయింది. రేచెల్ పిల్లలిద్దరినీ ఆమెకు దూరంగా వేరే చోట ఉంచారు, పిల్లలు లేకుండా రానని ఆమె కదల్లేదు. పదేళ్ళు ప్రయత్నించి 1860 చివర్లో ఆఖరిసారి వెళ్ళేసరికి రేచెల్ చనిపోయింది. పిల్లల్ని బయటికి తేవడానికి 30 డాలర్లు కావాల్సి వచ్చింది, ఆమె దగ్గర లేవు. బదులుగా ఎన్నల్స్ అనే కుటుంబాన్ని, చంటిపిల్లతో సహా, మంచులో దాటించి తీసుకొచ్చింది. 40,000 అని ఫార్వర్డ్ అయ్యే పోస్టుల్లో ఈ 30 ఎక్కడా కనిపించదు. మా చార్టులో ఆ ముప్పై అంకె మాత్రమే ఉన్న ఖాళీ బొమ్మ ఒకటి పెట్టాం.

అంతర్యుద్ధంలో ఆమె సైన్యానికి వంట చేసింది, నర్సుగా చేసింది, గూఢచారిగా తిరిగింది. 1863 జూన్ 2న సౌత్ కరోలినాలో కొంబాహీ నది మీద సైనిక పడవలకు దారి చూపించి, ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసలు బయటపడేలా చేసింది. పెద్ద అంకె కావాలన్నవాళ్ళకు నిజమైన పెద్ద అంకె ఇదిగో. దాని గురించి వేరే పోస్టే రాయాలి. ఆ సేవకు పింఛను కోసం ముప్పై ఏళ్ళు తిరగాల్సి వచ్చింది. 1895లో సైనికుడి భార్యగా నెలకి 8 డాలర్లు ఇచ్చారు, 1899లో నర్సుగా చేసిన పని కూడా లెక్కలోకి తీసుకుని 20 చేశారు. గూఢచారి పనికి ఏమీ లేదు.

చివరి రోజులు న్యూయార్క్ రాష్ట్రంలో ఆబర్న్ ఊళ్ళో. ఎవరూ లేని నల్లజాతి ముసలివాళ్ళకు ఒక ఇల్లు కట్టాలని ఆమె కోరిక. 1896లో పక్కనున్న 25 ఎకరాలు వేలానికి వస్తే, చేతిలో డబ్బు లేకపోయినా పాట పాడి దక్కించుకుంది. నడపలేక 1903లో ఆ భూమిని ఒక నల్లజాతి చర్చికి రాసిచ్చింది, 1908లో వృద్ధాశ్రమం తెరిచారు. చర్చివాళ్ళు చేరడానికి 100 డాలర్లు కట్టాలని రూలు పెట్టారు. ఆమెకు ఒళ్ళు మండింది. తను పెట్టాలనుకున్న రూలు వేరని అందరికీ చెప్పింది: చేతిలో ఒక్క డాలరు ఉన్నవాళ్ళను కూడా లోపలికి రానివ్వకూడదని.